దొరగారి మేడ ముందు దారి

నాగాయలంక అవతల, కృష్ణానది సముద్రంలో కలిసేచోట ఉన్న ఒక చిన్న లంక మా అమ్మ వాళ్ల నాన్నది. అక్కడ ఆయన్ని దొరగారనేవారు. మనుషులు కూడా ఆయన సొత్తే అన్నట్టుండేవి అమ్మ చెప్పే కబుర్లు. మేడ ముందు చెప్పులతో నడిచే ధైర్యం ఎవరికీ లేదట. ఒకడెవడో నడిస్తే, తాతయ్య ఆ చెప్పులు వాడి నెత్తిమీదే పెట్టించి పొద్దుగూకేదాకా ఎండలో నిలబెట్టారట. గుడివాడలో మా ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా అమ్మ ఈ సంగతి చెప్పేది. వాడు బిక్కమొహం ఎలా పెట్టాడో తనూ పెట్టి చూపించేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

పోయిన వేసవిలో లంక సర్పంచి ఫోన్ చేశాడు. శిథిలమైన మేడ తీసేసి తుఫాను షెల్టర్ కడతామనీ, మా ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలనీ అన్నాడు. సరేనన్నాను. షెల్టర్‌కు తాతయ్య పేరు పెట్టించాలని నేనే బయల్దేరి వెళ్లాను.

రేవులో నాతోపాటు పడవ దిగిన ఒక ముసలామె, చేపలమ్ముకుని వస్తున్నట్టుంది, చెప్పులు విప్పి ఖాళీ తట్టలో వేసుకుంది. ఇసుక నిప్పులా కాలుతోంది.

"చెప్పులేసుకోండి మామ్మా, కాళ్లు కాలతాయి" అన్నాను.

"దొరగారి మనవరాలు వస్తన్నారని సర్పంచి చెప్పాడమ్మా. మీ ముందర ఎట్టా ఏసుకుంటాను? మా నాన్నకైన శాస్తి చాలు" అంది నవ్వుతూనే.

ఏం శాస్తి అని అడిగాను.

"మా అమ్మకి కాన్పు కష్టమైందమ్మా. బందరు ఆసుపత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. మా నాన్న పడవ కోసం పరిగెత్తాడు. కాళ్లకి చెప్పులున్న సంగతే మర్చిపోయాడు. మేడ ముందు పట్టుకున్నారు. సాయంత్రం ఒదిలిపెట్టేసరికి అమ్మా పోయింది, కడుపులో బిడ్డా పోయింది. నాన్న వస్తాడని నేను గుమ్మంలో కూర్చుని చూస్తానే ఉన్నా." తట్ట నెత్తికెత్తుకుంటూ, "మీకు తెలీదులెండి, మీరప్పటికి పుట్టలేదు" అంది.

తెలియదన్నట్టే తల ఊపాను.

మేడ దగ్గర సర్పంచి, నేను అడక్కుండానే, "దొరగారి పేరే పెడదామండీ" అన్నాడు.

"వద్దండీ. ఊరి పేరే పెట్టండి."

"అదేంటండీ!" అన్నాడాయన. నా వెనకే వచ్చి దూరంగా నిలబడ్డ ముసలామె, "పెట్టనియ్యండమ్మా, మంచినీళ్ల బావి తవ్వించింది ఆయనేగా" అంది. ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. "నాన్నకి ఆ సంగతి తెలిసుంటే అలా చేసేవాడు కాదే" అంది.

ఆయన అడగలేదు. ఇన్నేళ్లూ ఆ కథ విని నవ్విన మాలో కూడా, ఆ మనిషి అంత ఎండలో ఎక్కడికి వెళ్తున్నాడని ఒక్కరమూ అడగలేదు.