నెర్రెలు మూసుకున్న మడి

మా ముత్తాత మల్లారెడ్డి రాజుపాలెం చుట్టుపక్కల ఏడు ఊళ్ళకు పంచాయితీ చెప్పినవాడు. తాత పెద్ద వీరారెడ్డి జమ్మలమడుగు కచేరీలో అడుగుపెడితే గుమాస్తాలు లేచి నిలబడేవారు. నాయన చెన్నకేశవరెడ్డి మాట మీద ఓట్లు పడేవి. ఆ మాట మీదే ఊరు రెండు వర్గాలై తలలూ పగిలేవి. గొప్పకు చెప్పడం లేదు, దాచుకోవలసిన అవసరమూ లేదు. ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. నిన్న ఉదయం వీధిలో ఒకామె పచ్చి బుడ్డశనగ మొక్కలు కట్టలుగా కట్టి అమ్ముతుంటే, ఒక ఆకు తుంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఆ పులుపు తగలగానే దేవదానంగారు గుర్తుకొచ్చారు. పొలంలో దిగగానే ఆయన చేసే మొదటి పని అదే.

ఆయనది జమ్మలమడుగు. ముత్తాతల నాడే మిషన్ దొరల దగ్గర క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబం, తండ్రి బడిలో అయ్యవారు. ఈయన వ్యవసాయం చదివి, అనేక దేశాలు కలిసి నడిపే ఒక పరిశోధన కేంద్రంలో చేరారు. తడి పెట్టకుండా, నేలలో మిగిలిన పదునుతోనే పండే శనగ విత్తనం కోసం ఆ కేంద్రం వెతుకుతోంది. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నాయన ఆయన్ను కూర్చోమనలేదు. నేను వసారాలో కుర్చీ వేయించాను. చాలాకాలం దాన్నే నా పెద్దమనసు అనుకున్నాను.

పరీక్ష మడులకు ఆయన రెండు పొలాలు అడిగారు. ఒకటి మాది. రెండోది గట్టు అవతల ఓబుళరెడ్డిది. వరసకు నాకు మామ, ఎదుటి వర్గానికి పెద్ద. రెండు వర్గాల పొలాలూ ఉంటేనే రేపు ఊరంతా ఆ విత్తనాన్ని నమ్ముతుందని ఆయన లెక్క. ఏ మడికి ఏ విత్తనమో చీటీలు వేసి తీశారు. రోడ్డు పక్కనున్న మా మడికి పాత విత్తనం వచ్చింది, ఓబుళరెడ్డి మడికి కొత్తది.

"చీటీ మార్చు, దేవదానం. మా పొలంలో పాతదేంది?" అన్నాను.

"మారిస్తే పరీక్ష యాడుంటుంది రెడ్డీ? పాతది లేకుంటే కొత్తదాన్ని దేంతో పోల్చేది? ఇథియోపియాలో కూడా ఇట్లాంటి నల్లరేగడే ఉంది. ఈడ మనం రాసే అంకెను నమ్మి ఆడొక రైతు విత్తుకుంటాడు" అన్నారు.

ఆ ఏడు వాన ముందుగానే వెనక్కి తగ్గింది. పూత దశకు మా మడి పసుపు తిరిగింది, గట్టు అవతల పచ్చగా నిలిచింది. రోడ్డున పోయే ప్రతి ఒక్కడూ చూస్తున్నాడు. రాజుపాలెం టీ అంగట్లో ఓబుళరెడ్డి మనిషి ఒకడు గ్లాసు పట్టుకుని, అందరూ వినేటట్టు అన్నాడు: "ఏమప్పా, మీ పొలం గూడా మీ పార్టీ మాదిరే ఎండతాందే!"

నవ్వినవాళ్ళలో మా వర్గం వాళ్ళూ ఉన్నారు.

నాలుగు రోజులకు జమ్మలమడుగులో పార్టీ మీటింగు. ఊరి మగవాళ్ళంతా లారీలెక్కి పోయారు. నేను జ్వరమని ఆగిపోయాను. మిట్టమధ్యాహ్నం బోరు మోటారు వేసి, పైపులు పరిచి, ఆ ఒక్క మడికి నిండా నీళ్ళు పెట్టాను. దొంగతనమనిపించలేదు. మా పొలం పరువు నిలబెడుతున్నాననిపించింది.

నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది. దేవదానంగారు ఇనుప చువ్వను నెర్రెలోకి దించి, ఎంత లోతు పోయిందో రాసుకునేవారు. తర్వాతి వారం వచ్చి మా మడిలో చువ్వ పట్టుకుని అటూ ఇటూ తిరిగారు. దించడానికి నెర్రె దొరకలేదు.

"ఈడ నెర్రెలేమైనాయి రెడ్డీ?"

"మా మట్టి అట్లాంటిది" అన్నాను.

ఆయన నా ముఖం చూసి, నోటుపుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

కోతల రోజు గట్టు మీద తక్కెడ వేలాడదీశారు. మా వాళ్ళు ఈ పక్క, వాళ్ళు ఆ పక్క. రెండు వైపులా తువ్వాళ్ళ కింద ఏమున్నాయో అందరికీ తెలుసు. ఓబుళరెడ్డి మడి తూకం ముందు వేశారు. తర్వాత మాది. మాది ఎక్కువ తూగింది. మా వాళ్ళు ఈలలు వేశారు.

"కొత్త విత్తనం వద్దు, ఏం వద్దు! ఈ అయ్య వాళ్ళ దగ్గర దుడ్లు తిన్యాడు" అని అవతలి నుంచి ఒకడు అరిచాడు. నలుగురు గట్టు దాటి వచ్చి జీపుకు అడ్డం నిలబడ్డారు. ఒకడు దేవదానంగారి చొక్కా పట్టుకున్నాడు. మా వాళ్ళు తువ్వాళ్ళు తీశారు.

ఆయన ఒక్క మాట చెబితే బయటపడతారు. చెప్పలేదు. చెబితే మొదట తెగిపడేది ఎవరో ఆయనకు తెలుసు. నోటుపుస్తకాన్ని గుండెకు ఆనించుకుని, నావైపు కూడా చూడకుండా నిలబడ్డారు. ఆయన చూసి ఉంటే నేను బింకంగా తల తిప్పుకునేవాణ్ణేమో.

"ఆయన్ని వదలండి. మడికి నీళ్ళు పెట్టింది నేను. ఆయనకేం తెలీదు" అన్నాను.

ఓబుళరెడ్డి మీసం మీద చేయి వేసి, "వీరారెడ్డి మనమడు నా గట్టు మీద నిలబడి తప్పొప్పుకుంటాండాడు. చూడండ్రా, శానా బాగుంది" అన్నాడు. ఆ నలుగురూ జీపు వదిలారు. మా వాళ్ళు నాతో మాట్లాడకుండానే ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

దేవదానంగారు పుస్తకం తెరిచి మా తూకం మీద ఒకే ఒక్క గీత గీశారు. పక్కన 'తడి పెట్టిన మడి' అని రాసి, నన్ను సంతకం చేయమన్నారు.

"పూర్తిగా చెరిపేయి సార్" అన్నాను. ఆయన్ను సార్ అనడం అదే మొదలు.

"చెరపం. కొట్టేస్తాం, అంతే. ఏం జరిగిందో ఎనకొచ్చేటోడికి కనపడాల" అన్నారు.

ఆ ఏడు మా మడి లెక్కలోకి రాలేదు, కొత్త విత్తనం ఊరికి ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడాది పాత విత్తనం వేసి పైరు ఎండిపోయిన రైతుల పేర్లు నాకు ఇప్పటికీ తెలుసు. సర్పంచి పదవికి నన్ను నిలబెడతామన్న పార్టీ మళ్ళీ మా గడప తొక్కలేదు. నాయన చనిపోయేవరకు నాతో కలిసి భోంచేయలేదు.

మళ్ళీ విత్తే కాలానికి మాత్రం దేవదానంగారి జీపు మా వాకిట్లో ఆగింది. మడి కావాలన్నారు.

"ఇంకా మా పొలమేనా సార్? ఊళ్ళో వేరే రైతులే లేరా?"

"ఉండారు. నీళ్ళు పెట్టినానని చెప్పే రైతు మాత్రం నాకు ఇంగా దొరకలా."

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆయన మడులకు కొలతలు రాసింది నేనే. తగ్గిన దిగుబడిని తగ్గినట్టే రాయడం మొదట్లో చేతికి కష్టంగా ఉండేది, తర్వాత అలవాటైంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. తలవంచే అలవాటు నాకు నేటికీ రాలేదు. కానీ అబద్ధంతో తల ఎత్తుకుని నిలబడడం మాత్రం ఆ గట్టు మీదే పోయింది.

పోయిన వేసవిలో పొలం చూడడానికి కొనేవాళ్ళు వచ్చారు. ఉత్తరం మూల అరెకరం చౌడు పట్టింది, ఏమీ మొలవదు అని వాళ్ళు అడగకముందే తీసుకెళ్ళి చూపించాను. బేరం తగ్గించారు. పదకొండెకరాలూ అమ్మాను.