కొంగు పట్టని నిమ్మకాయలు

మొన్న పొద్దున ఊరి ఉత్సవ కమిటీ పెద్ద వచ్చి నా చేతిలో నిమ్మకాయ పెట్టాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే ఒళ్ళు మండింది. పిలవడానికి వచ్చినవాళ్ళు నిమ్మకాయ ఇవ్వడం మా వైపు మర్యాదే, అందులో ఆయన తప్పేమీ లేదు. మండింది నలభై ఏళ్ళ నాటి కోపం.

ఎనభైల మొదట్లో, పుత్తూరు పక్కన మా ఊళ్ళో ఎండాకాలమంటే ద్రౌపదమ్మ గుడి ముందు భారతం. పగలు హరికథ, రాత్రి నాటకం, మధ్యలో తాటి నుంగులు, బొరుగులు, ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు, తువాళ్ళు కట్టుకుని భీముడూ దుర్యోధనుడూ అయిపోయి కొట్టుకునే పిల్లలు. ఆ నాటకాల్లో మా నాయన బఫూన్. ద్వారపాలకుడు, తాగుబోతు, గాజులమ్మేవాడు, నాటు వైద్యుడు, గయ్యాళి అత్త, ఇన్ని వేషాలూ ఆయనొక్కడే కట్టేవాడు. చిత్తూరు నుంచి సూళ్లూరుపేట దాకా ఆయన ఆడని ఊరు లేదు. ఇంటికొచ్చి సంగటి ముద్ద ముందు కూర్చున్నా చెవుల వెనక పచ్చరంగు మిగిలే ఉండేది.

జనానికి ఆయన ఏం చేసినా నవ్వే. అంగట్లో బెల్లం అడిగినా నవ్వేవాళ్ళు. మా అవ్వ పాడె పక్కన కూర్చుని ఆయన ఏడుస్తుంటే, "ఏడుపు భలే కట్టినాడప్పా" అన్నాడొకడు, పక్కవాళ్ళు నోటికి తువాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. సిగ్గులేని జనం. నాయనకు ఉన్నదల్లా ఒకటే కోరిక, ఒక్కసారి అర్జునుడై తపస్సు మాను ఎక్కాలని.

తపస్సు మాను అంటే గుడి ముందు మెట్లు కొట్టి నాటిన పొడవాటి తాటిమాను. పట్టపగలు అర్జునుడు మెట్టుమెట్టుకూ ఆగి, పద్యం పాడుతూ దాని కొసకెక్కి నిమ్మకాయలు విసిరితే, పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద నిలబడి కొంగు పట్టేవాళ్ళు. కొంగులో పడ్డ కాయ తింటే కడుపు పండుతుందని నమ్మకం.

ఆ ఏడు అర్జునుడి వేషగాడు కాలు విరిగి, పుత్తూరు కట్టుతో మంచాన పడ్డాడు. వేరే దిక్కు లేక పెద్దలు సణుక్కుంటూనే ఆ వేషం నాయనకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నాయన మాంసం కూర మాని, చాప మీద పడుకుని, ఇంట్లో మాతో కూడా నవ్వకుండా నిష్ఠగా ఉన్నాడు.

మొదటి పద్యానికే జనం నవ్వారు. ఆయన కన్నీళ్ళతో శివుణ్ణి పిలుస్తుంటే విజిళ్ళు వేశారు, ఎప్పుడు జారి పడి నవ్విస్తాడా అని ఎదురుచూశారు. ఆయన జారలేదు. కొసకు చేరి కాయలు విసిరాడు.

"బఫూన్ ఇచ్చిన కాయ తింటే నవ్వులాట బిడ్డ పుడతాది, వద్దు పాపా" అంది ఒక ముసలమ్మ. అంతే, చాచిన కొంగులు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళిపోయాయి, కాయలు దుమ్ములో దొర్లాయి, జనం విరగబడి నవ్వారు. పిల్లలు లేని మా చెంగమ్మత్త, నాయన చెల్లెలు, ఒక్కతే కొంగు చాపి నిలబడింది.

"అన్నా, ఈడెయ్యి" అని అరిచింది.

ఇంటి వెనక రంగు కడుక్కుంటూ నాయన నన్నడిగాడు: "పద్యాలు నువ్వన్నా ఇన్నావా పాపా?"

"ఇన్నాను నాయనా."

ఆ కాయ తిన్నా అత్తకు పిల్లలు పుట్టలేదు. దాన్ని కూడా ఊరు కొన్నేళ్ళు నవ్వులాట చేసుకుంది. నాయన మరుసటేడు మళ్ళీ బఫూనే, పోయేదాకా బఫూనే.

ఇప్పుడు తాటిమాను పోయి ఇనుప స్తంభం వచ్చింది, దానికో నిచ్చెన. నాటకాలు పోయి పాటకచేరీలు వచ్చాయి. ఉత్సవానికి నాయన ఫ్లెక్సీ కడతారట, హాస్య చక్రవర్తి అని.

"మంచి నవ్వు మొగం ఫొటో ఉంటే ఇయ్యక్కా" అన్నాడు కమిటీ పెద్ద.

అర్జునుడి వేషంలో నాయన దిగిన ఒకే ఒక్క ఫొటో తెచ్చి చూపించాను. "ఇది వెయ్యండి. కింద అర్జునుడని రాయండి" అన్నాను.

ఆయన ఫొటోను చూశాడు, నన్ను చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాయన బిడ్డవే గదక్కా, భలే జోకేసినావు."

నిమ్మకాయ ఆయన చేతిలోనే పెట్టి తలుపేశాను.