ఆగనివ్వని ఆట

సూరత్‌లో, అమ్రోలి గదిలో, బావకూ నాకూ ఒకటే పరుపు. నాది పగటి పాళీ, మా అక్క మొగుడైన ఆయనది రాత్రి పాళీ. నేను లేచి మగ్గాల మీదికి పోతే ఆయన వచ్చి పడుకునేవాడు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి, రెండు పాళీల వాళ్లమూ ఒకేసారి గదిలో పడ్డాం. నడుం వాల్చే చోటు లేక కూర్చుని చదరంగం ఆడేవాళ్లం.

మా ఆటలో ఒక వెసులుబాటు ఉండేది. మంచి ఎత్తు లేనివాడు "ఆగుత" అంటే చాలు, అవతలివాడు ఆడాలి. ఆ రూలు బావదే. ఓసారి నా ఫోన్‌తో ఆడాడు. అది ఆగనివ్వలేదు. ఏ పావు జరిపినా ఓటమే, జరపక తప్పదు. దాన్ని ఏమంటారో వెతికి చెప్పాను. జుగ్‌జ్వాంగ్. జర్మన్ మాట. జుగ్ అంటే ఎత్తు, జ్వాంగ్ అంటే బలవంతం.

"గిదేం ఆటరా బామ్మర్దీ? ఆడనంటే ఊకోరా?" అని బావ ఫోన్ పక్కన పడేశాడు. నేను పగలబడి నవ్వాను.

తర్వాత ఆయనకు జ్వరం, దగ్గు మొదలయ్యాయి. బయటికి చెబితే ఒంటరిగా పట్టుకుపోతారు. పోయినవాళ్లు తిరిగి రావడం లేదని గల్లీలో ఒకటే గుసగుసలు. దాచిపెడితే గదిలో అందరికీ అంటుకుంటుంది. "జర ఆగుదాం" అన్నాడు బావ. ఆగాం. ఆ రోగానికి మా రూలు తెలియదు. ఊపిరి అందక ఆయన గోడకు చేరగిలబడ్డాక నేనే అంబులెన్స్‌కు ఫోన్ చేశాను.

"మీ అక్కకు చెప్పకు, నెలలు నిండినయి" అన్నాడు బండి ఎక్కుతూ. ఊళ్లో ఉన్న అక్క రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. "పండుకున్నడక్కా" అని చెప్పేవాణ్ని. ఆ పని నా నెత్తిన పెట్టి పోయినందుకు బావ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆయన ఆసుపత్రిలోనే పోయాడు. ముఖం కూడా చూపించలేదు. గదికి వచ్చి పరుపు మీద కూర్చున్నాను. మొత్తం నాకే మిగిలింది.

సాయంత్రం ఫోన్ మోగింది. చెబితే అక్క ఏమైపోతుందో! చెప్పకపోతే, రేపు ఊరివాళ్ల నోట వింటుంది. తీయకుండా వదిలేశాను. మళ్లీ మోగింది. మళ్లీ. తీశాను.

"ఏందిరా, మీ బావ ఇంక పండుకునే ఉన్నడా? జర లేపి ఇయ్యి."

చెప్పాను.