కొరకని రేగుపండు

కృష్ణుడు కావాలని వచ్చేవాళ్ళతోనే చిక్కడపల్లిలో నా ఫొటో స్టూడియో నడుస్తోంది. నెత్తిన నెమలీక, చేతిలో ప్లాస్టిక్ పిల్లనగ్రోవి, పంచె కింద స్పోర్ట్స్ బూట్లు. పక్కన రాధ ఫోన్ చూసుకుంటూ ఉంటుంది. పాతకాలపు నూనె రంగుల చిత్రంలా రావాలంటారు, ముఖం మీద కాస్త నీడ పడితే మాత్రం కరెంటు పోయిందా అని అడుగుతారు. పదిహేనేళ్ళలో నన్ను కుచేలుణ్ణి చెయ్యమని అడిగిన మగాడు ఒక్కడూ రాలేదు. అందరూ దేవుళ్ళే, నా ఖర్మ!

అందుకే నాకోసం కొన్ని ఫొటోలు తీసుకున్నాను. ఒక్క కిటికీ వెలుగు, వెనక నల్ల దుప్పటి, అంతే. వాటితో ఒక ప్రదర్శన పెట్టాలని ఎన్నాళ్ళుగానో ఆశ. చివరికి నారాయణగూడలో ఒక సంఘం తన హాలు మూడు రోజులు ఇస్తానంది. ప్రదర్శన మొత్తానికీ ప్రాణం శబరి బొమ్మ, రాముడికోసం రేగుపళ్ళు కొరికి చూసి తియ్యనివి ఏరిపెట్టిన శబరి.

ఆ శబరి నాకు అశోక్‌నగర్‌లో దొరికింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్లో వంట చేసే పెద్దావిడ. ఏళ్ళతరబడి పొయ్యి దగ్గర నిలబడ్డ ముఖం, ఏ మేకప్పూ అక్కర్లేదు. మధ్యాహ్నం వంట అయ్యాక వచ్చింది. బండి మీద కొన్న రేగుపళ్ళు చేతిలో పెట్టి, ఒకటి నోటిదాకా తెచ్చి ఆపమన్నాను. ఆవిడ వింటేగా! ఒకటి కొరికింది, పుల్లగా ఉందని పక్కన పడేసింది. రెండోదీ అంతే. మూడోది కొరికి, కాసేపు నమిలి, తలాడించి, మిగిలిన పండును కెమెరా వైపు చాచింది.

"ఇది తియ్యగున్నది, తీస్కో."

వెంటనే క్లిక్ మనిపించాను. జన్మలో అంత మంచి ఫొటో తియ్యలేదు. పండు మీద పంటిగాట్లు తడిగా మెరుస్తున్నాయి.

సంఘం కార్యదర్శిగారు, ఏదో ఆఫీసులో పెద్ద హోదాలో రిటైరైనాయన, ఫొటోలు ముందుగా చూడాలన్నారు. వెలుగు గురించి, నీడ గురించి నాకే తెలియని సంగతులు చాలాసేపు చెప్పారు. శబరి దగ్గరకొచ్చేసరికి ముఖం చిట్లించారు.

"బాగుందండీ, కానీ ఆ ఎంగిలేంటండీ? హాల్లో దేవుడి పటాలున్నాయి, దీపం వెలిగిస్తాం. ఆ కొరుకుడు తీసేయండి, లేదంటే హాలు మాట మర్చిపోండి."

ఎంగిలి లేని శబరి! రాముడికి లేని పట్టింపు ఈ మహానుభావుడికి వచ్చింది. దారి పొడుగునా తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే స్టూడియోకి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, పంటిగాట్ల మీద ఎర్రటి తొక్క అతికించాను. అరగంట పని. పండు గుండ్రంగా, నున్నగా వచ్చింది. సిగ్గులేకపోతే సరి.

ప్రదర్శన మొదటిరోజు పొద్దున ఆవిడ వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. తన ముఖం చూసుకుని మురిసిపోతుందని పక్కనే నిలబడ్డాను. ఆవిడ ముఖం చూసుకోలేదు, చేతిలోని పండు వైపే చూసింది.

"నేను కొర్కిన పండేది బిడ్డా?"

పెద్దవాళ్ళకు ఎంగిలి నచ్చలేదని గొణిగాను.

"గట్లయితే నన్నెందుకు పిలిసినవ్? రుచి సూడకుంట ఇచ్చేటందుకు బండి మీద పండ్లమ్మేటామె సాలు గద."

కోపంగా కూడా అనలేదు. కూర పెట్టే వేళయిందంటూ వెళ్ళిపోయింది. ఫొటో కింద 'శబరి' అని రాసిన అట్టముక్కను ఊడబీకి జేబులో పెట్టుకున్నాను. ఫొటో దింపే దమ్ము మాత్రం నాకు లేకపోయింది. సాయంత్రానికల్లా కార్యదర్శిగారు కొత్త అట్ట రాయించి పెట్టించారు, ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో.