ఎవరి మతిమరుపు

ఆ వీధిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. సుద్దతో గీత గీయకుండానే చొక్కా కాలరు కత్తిరించగలదు కాబట్టి ఆ పేరు వచ్చింది. మాట కూడా కత్తెరలాంటిదే కావడంతో ఆ పేరు ఇంకెటూ పోకుండా అతుక్కుపోయింది. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. రెండు కుట్టుమిషన్లు, పొడుగాటి బల్ల, గోడ నిండా మేకులు, ఆ మేకులకు వేలాడే ప్యాంట్లూ చొక్కాలూ. చుట్టుపక్కల స్కూళ్ళ యూనిఫారాల్లో సగం ఆ బల్ల మీద నుంచి వెళ్ళినవే.

భర్త హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన పాఠం చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరేవారట. కత్తెరమ్మ చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఆ సంగతి అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆమెను మరిచిపోనివ్వలేదు.

"మా ఇంట్లోవాళ్ళవి బుర్రలు కావు తల్లీ, దీపాలు. పుట్టబోయేవాళ్ళకి మా పోలిక వస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు" అనేది ఆవిడ.

అన్నట్టుగానే తొంభై దాటినా అత్తగారి దీపం రెపరెపలాడలేదు. ఏ చుట్టం ఏ సంవత్సరంలో పుట్టాడో గడగడా చెబుతూనే కన్నుమూసింది. కత్తెరమ్మ తల్లి కథ వేరు. అరవై నిండకముందే మతి తప్పడం మొదలైంది. ముందు పొయ్యిమీద పాలు మరిచిపోయింది, తర్వాత ఇంటి దారి, చివరికి కన్నకూతుర్ని. ఒకరోజు కత్తెరమ్మ తల దువ్వుతుంటే, "మంచి పిల్లవి. మీ అమ్మ ఎక్కడుంటుందమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. కత్తెరమ్మ జడ అల్లడం పూర్తిచేసింది.

అందుకే తనకు యాభై ఎనిమిదో ఏడు వచ్చినప్పటి నుంచి ఆమె తనను తానే కాపలా కాయడం మొదలుపెట్టింది. బల్ల దగ్గర నుంచి వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానా అని ఒక్క క్షణం నిలబడిపోతే చాలు, గుండె గుభేలుమనేది. దారం రంగు పేరు నోటికి రాకపోతే చెమట పట్టేది.

అనుమానించడానికి తగ్గట్టే ఇంట్లో చిత్రాలు జరగసాగాయి. పెద్ద కత్తెర కనపడకుండా పోయింది. పొద్దున్నుంచి ఇల్లంతా వెతికితే చివరికి వంటింట్లో పిండి డబ్బా వెనక దొరికింది.

"నువ్వే పెట్టి ఉంటావు. నిన్న చేతిలో పట్టుకునే లోపలికెళ్ళావుగా" అన్నారు మాస్టారు, పేపర్లోంచి తలెత్తకుండా.

పట్టుకుని వెళ్ళానా? వెళ్ళే ఉంటాను అనుకుంది. వారం తిరక్కుండానే జిప్పుల పెట్టెలు రెండోసారి వచ్చి పడ్డాయి. "తెమ్మంది నువ్వే కదోయ్!" అన్నారు ఆయన నవ్వుతూ. ఇంకో రోజు పోస్టాఫీసు గుమస్తా ప్యాంట్లు బ్యాంకు వాచ్‌మన్‌కి వెళ్ళిపోయాయి. గుమస్తా సన్నగా రివటలా ఉంటాడు, వాచ్‌మన్ నిండు బస్తాలా ఉంటాడు. వాచ్‌మన్ ఆ ప్యాంటు తొడగబోయి కుట్లు పిగిలేదాకా ఊరుకోలేదు. "నువ్వే మార్చి ఇచ్చి ఉంటావు" అన్నారు మాస్టారు. వీధంతా నవ్వింది. కత్తెరమ్మ మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు. బట్టలు మార్చి ఇచ్చిన గుర్తు ఆమెకు లేదు. గుర్తు లేకపోవడమేగా ఆ జబ్బంటే!

ఆపైన కూతురి వరస మారింది. ఆ పిల్లకి అదే ఊళ్ళో నీటిసరఫరా ఆఫీసులో ఉద్యోగం, సెలవు దొరికితే వచ్చి పోతుండేది. ఇదివరకు వస్తూనే కబుర్లలో పడేది, ఇప్పుడు ప్రశ్నలు వేస్తోంది.

"ఇవాళ ఏం వారమమ్మా?"

"నీకు సెలవు ఏ వారమో నీకు తెలీదా?"

"ఊరికే అడిగాలే. పొద్దున టిఫిన్ ఏం తిన్నావు?"

కత్తెరమ్మ కళ్ళు చిట్లించి చూసింది. ఇది పలకరింపు కాదు, ఆరా. ఆ తర్వాత తండ్రీకూతుళ్ళు పెరట్లో గుసగుసలాడుకోవడం, తను బకెట్టు పట్టుకుని వెళ్ళగానే ఠక్కున వానల గురించి మాట్లాడటం. ఓసారి తలుపు చాటున చెవులు నిక్కించి నిలబడింది. "ఇప్పుడే అనకు. బెదిరిపోతుంది" అన్న మాస్టారి మాట వినిపించింది.

దుకాణం మూయించాలని చూస్తున్నారు, తర్వాత తననో గదిలో కూర్చోబెట్టి అన్నం పెడతారు, తల్లికి తను పెట్టినట్టే, అనుకుంది. ఆ మర్నాటి నుంచి మిషను తొక్కుతూ పదమూడో ఎక్కం, పదిహేడో ఎక్కం పైకే చదవడం మొదలుపెట్టింది. పొద్దున్నే లేచి తేదీ, వారం వల్లించుకునేది. కూతురు ఏమడిగినా దొరక్కూడదని పట్టుదల. పదిహేడో ఎక్కంలో నడుమ తడబడితే, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు సరిచేసి మరీ వెళ్ళేవారు.

ఇవేవీ ఆమెను కాపాడలేదు. ఒక ఆదివారం కూతురు తెగించి అడిగేసింది.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దామమ్మా. చిన్న చిన్న ప్రశ్నలడుగుతారు, అంతే."

"నన్నొక్కదాన్నేనా?" అని ఒంటికాలి మీద లేచింది కత్తెరమ్మ. "మీ నాన్న నాకంటే పెద్ద. ఆయనా కూర్చుంటేనే వస్తా. వాళ్ళవి దీపాలుగా, ఎంత వెలుతురిస్తున్నాయో అదీ చూద్దాం."

మాస్టారు పకపకా నవ్వారు. "జన్మంతా పరీక్షలు పెట్టినవాడికి పరీక్షా!"

నవ్వారే గానీ, బయల్దేరే రోజున కళ్ళజోడు మరిచిపోయానని వీధి మలుపు నుంచి వెనక్కి తిరిగారు. కళ్ళజోడు జేబులోనే ఉంది. ఆసుపత్రి మెట్ల దగ్గర కడుపులో తిప్పుతోందన్నారు. భార్య మీద బెంగ కాబోలనుకుంది కూతురు. నాకు శిక్ష వేయించడానికి తీసుకొచ్చి ఈయనకి బెంగేమిటి అనుకుంది కత్తెరమ్మ.

డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ముందు భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒక చిన్న కథ చెప్పింది. ఒకావిడ బస్సులో వెళుతూ సీటు కింద సంచి మరిచిపోయింది. కండక్టరు దాన్ని డిపోలో అప్పగించాడు. సాయంత్రం ఆవిడ వెళ్ళి తెచ్చుకుంది. సంచిలో గొడుగు, మందులు ఉన్నాయి. ఆ తర్వాత కూడికలు, తీసివేతలు, వస్తువుల పేర్లు అడిగి, ఇందాకటి కథ మళ్ళీ చెప్పమంది.

కత్తెరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ చెప్పింది. బస్సు, సంచి, కండక్టరు, డిపో. గొడుగు గుర్తొచ్చింది. రెండోది రాలేదు. అయిపోయింది నా పని అనుకుని తల దించుకుంది.

"ఇప్పుడు మీరు చెప్పండి మాస్టారూ."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. క్లాసులో నిలబడ్డట్టే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. "ఒక నది ఉండేది. ఆ నదిని దాటించే పడవలో ఒక ముసలామె..." అని మొదలుపెట్టి, పడవకు చిల్లు పడటం, ముసలామె తన దుప్పటి చించి ఆ చిల్లుకి అడ్డం పెట్టడం, ఒడ్డుకు చేరాక రాజుగారి మనుషులు ఆమెనే దొంగ అనడం, అంతా కళ్ళకు కట్టినట్టు చెప్పారు. కూతురు నోరు తెరుచుకుని విన్నది. కత్తెరమ్మ ఫక్కున నవ్వింది.

"ఆయనెప్పుడూ ఇంతేనండీ. ఒకటి చెప్తే పది కల్పిస్తారు."

డాక్టరమ్మ నవ్వలేదు. "చాలా బావుంది మాస్టారూ. నేను చెప్పిన కథలో ఆవిడ ఎందులో వెళ్ళింది?"

"మీరు కథ చెప్పారా?" అన్నారు ఆయన. వెంటనే తేరుకుని, "చెప్పే ఉంటారు. కథకేముందమ్మా, ఎవరి నోట వచ్చినా ఒకటే" అని నవ్వబోయారు. కత్తెరమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది.

స్కానింగులు, రక్తపరీక్షలు అయ్యాక డాక్టరమ్మ తల్లీకూతుళ్ళను కూర్చోబెట్టి చెప్పింది. కత్తెరమ్మకి ఉన్నది వయసుతో అందరికీ వచ్చే తడబాటే. జబ్బు మాస్టారిది.

"మరి మా అమ్మకి ఉండేది కదండీ. మావారి అమ్మగారు తొంభై దాటినా..." కత్తెరమ్మకు మాట పూర్తికాలేదు.

"తల్లికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది, అంతేనమ్మా. రాసిపెట్టినట్టు కాదు. తల్లికి లేదు కాబట్టి రాదనీ కాదు. ఇంకో సంగతి. బాగా చదువుకున్నవాళ్ళలో ఇది చాలాకాలం బయటపడదు. ఒక దారి మూసుకుపోతే మాటల్తో, చమత్కారంతో ఇంకో దారి వెతుక్కుంటారు. మనకి కనపడేసరికి లోపల చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది."

బయటికొచ్చాక కూతురు ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. "నీకు అమ్మమ్మ జబ్బే మొదలైందని నాన్నే ఫోన్ చేశాడమ్మా. ఎవరికీ చెప్పకుండా కనిపెట్టి ఉండమన్నాడు."

కత్తెరమ్మ ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చుని ఒక్కొక్క తప్పునూ బయటికి తీసి మళ్ళీ విచారణ మొదలుపెట్టింది. గుమస్తా ప్యాంట్లు మారిన రోజు తను కూతురింట్లో ఉంది! ఆ మాట ఇన్నాళ్ళూ ఎలా తట్టలేదు? జిప్పులు తెమ్మని తను అనలేదు. కత్తెర సంగతి ఎవరికి తెలుసు? తప్పు తనదేనని ముందే ఒప్పేసుకున్న మనిషి సాక్ష్యం ఎందుకు వెతుక్కుంటుంది? ఇప్పుడు ఆమెను తొలుస్తున్న అనుమానం వేరు. ఆయన మరిచిపోయి అన్నారా, తెలిసే అన్నారా?

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేరు. మాస్టారు గుండీలను రంగుల వారీగా వేరుచేస్తున్నారు. ఆమె మిషను ఆపేసింది.

"ఏమండీ, ఒక్కటే అడుగుతా, నిజం చెప్పండి. ఆ ప్యాంట్లు మీరే ఇచ్చారని మీకు తెలుసా?"

ఆయన చేతిలోని గుండీని కుప్పలో పడేశారు.

"కత్తెర మాట నాకు తెలీదు. నిజంగా నువ్వే పెట్టావనుకున్నా. ప్యాంట్లు... ఆ గుమస్తా వచ్చి గుమ్మంలో నిలబడితే తట్టింది, ఇచ్చింది నేనేనని."

"మరి నా మీద ఎందుకు వేశారు?"

"నీ మీద వేస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. మీ అమ్మ ఉందిగా."

ఆమె చేతిలోని టేపు జారి కింద పడింది. ఆయన అటు చూడకుండానే అన్నారు: "నాకు బుర్ర ఒక్కటేనోయ్ ఉన్నది. అది కూడా పోయిందంటే ఈ ఇంట్లో నేనెవర్ని?"

ఆ రోజు నుంచి ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, మందులిచ్చేది, మాట మాత్రం లేదు. రోజూ పొద్దున్నే ఆయన వచ్చి, "ఏమోయ్, అలా ఉన్నావేం? ఎవరేమన్నారు?" అని ఆదుర్దాగా అడిగేవారు. మొదట్లో నటన అనుకుంది. కళ్ళలోకి గుచ్చి గుచ్చి చూసింది. అలిగిన కారణం ఆ ఇంట్లో ఒక్కరికే గుర్తుందని అర్థమయ్యాక అలగడం కూడా దండగే అనిపించింది. ఒకరోజు, "ఏం లేదు, తలనొప్పి" అంది. వెంటనే ఆయన వెళ్ళి తలనొప్పి మాత్ర వెతికి తెచ్చారు. అది ఆయన వేసుకోవలసిన మాత్రల్లోది. ఆమె దాన్ని తీసుకుని కొంగున కట్టుకుంది.

కోపం పోయినా అనుమానం పోలేదు. ఆయన నాకు తెలీదన్నప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోయేది. కూతురు మాత్రం ఇదివరకటిలా రావడం మళ్ళీ మొదలుపెట్టింది. ఒకసారి కాజాలు కుడుతున్న తల్లి పక్కన కూర్చుని, "ఇప్పుడు నేనెవరి పోలికమ్మా?" అని అడిగింది. ఎటు చూసినా భయమే ఆ పిల్లకి. కత్తెరమ్మ దారం కొరికి, "నాకేం తెలుసే! నీ ముక్కు మాత్రం మా నాన్నది" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ మరుసటి ఏడు చలికాలంలో ఒకాయన కోటు కుట్టించుకోవడానికి వచ్చాడు. నడివయసు, ఖరీదైన బూట్లు. మూల కుర్చీలో మాస్టార్ని చూడగానే పరుగున వెళ్ళి చేతులు పట్టుకున్నాడు.

"మాస్టారూ! నన్ను గుర్తుపట్టారా?"

"నిన్ను గుర్తుపట్టకపోవడమేమిటోయ్! ఏం మారావని!" అన్నారు మాస్టారు చటుక్కున. మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగును కత్తెరమ్మ ఇప్పుడు బాగా ఎరుగును. వచ్చినాయన పొంగిపోయి, "అయితే నా పేరు చెప్పండి చూద్దాం" అన్నాడు. మాస్టారు కళ్ళు గదంతా తిరిగి ఆమె మీద ఆగాయి.

"గుర్తులేదు నాయనా" అంది కత్తెరమ్మ. "ఆయనకి జబ్బు చేసింది. పేర్లు పోయాయి. నువ్వే చెప్పు."

మాస్టారు మొహం నల్లబడింది. అంత కోపంగా ఆయన ఆమె వంక ఎన్నడూ చూడలేదు. వచ్చినాయన కుర్చీ పక్కనే నేల మీద గొంతుక్కూర్చున్నాడు. తన పేరు చెప్పాడు. ఏ బెంచీలో కూర్చునేవాడో, ఏ పాఠానికి దెబ్బలు తిన్నాడో చెప్పాడు. మాస్టారు వింటూ వింటూ అతని చెయ్యి వదలకుండా పట్టుకుని, "ఆ తర్వాత?" అని అడిగారు.

గుర్తులేదన్న మాట తను కక్షకొద్దీ అన్నదో, ఆయన్ని ఆ దాగుడుమూతల నుంచి తప్పించడానికే అన్నదో కత్తెరమ్మకే తెలియలేదు. వాళ్ళ కబుర్లు అయ్యేదాకా ఆగి, టేపు తీసుకుని కోటు కొలతలకు లేచింది.