టీకొట్టు లోపల, నేను బయట

మొన్న నా నెట్‌వర్క్ లోంచి నన్ను నేనే గెంటేసుకున్నానండి. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, నేను చెప్పడం అయ్యాక నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది రొయ్యల కంపెనీ. హెడ్డాఫీసు తెనాలిలో, కొనుగోళ్ళు రేపల్లెలో. కంప్యూటర్లన్నిటికీ కాపలా నేనే. తెనాలి ఆఫీసులో ఒక దిక్కుమాలిన అలవాటుంది. ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళిస్తారు, ఆ వెంటనే వైఫై పాస్‌వర్డ్ ఇస్తారు. పక్కనున్న టీకొట్టు బాబాయికైతే మా మేనేజరు గారే ఫోన్లో కొట్టిచ్చారు. ఇదేంటండీ అంటే, "రోజూ మనకి టీ పంపే మనిషి, పరాయివాడా ఏంటి?" అన్నారు.

ఓనరు గారికి మాత్రం భయం. "బయటివాళ్ళు మన సిస్టమ్స్‌లోకి రాకూడదు. గట్టిగా ఒక గీత గీసెయ్యి" అన్నారు. ఎక్కడ గియ్యాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న రేపల్లె బ్రాంచిలో కాస్త తీరిక దొరికింది. అక్కణ్ణించే, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని ఆపాలో చూసే తెనాలి ఫైర్‌వాల్‌లోకి వెళ్ళి రూలు పెట్టాను. తెనాలి ఆఫీసు వైర్లు, వైఫై మీద ఉన్నవాళ్ళే మనవాళ్ళు, మిగతా లోకమంతా బయటే. నన్ను నేనే మెచ్చుకుంటూ సేవ్ నొక్కాను. స్క్రీన్ తెల్లబోయింది. నేనున్నది రేపల్లెలో అని అప్పుడు గుర్తొచ్చింది. కూర్చున్న కొమ్మని అంత శుభ్రంగా నరుక్కున్నవాణ్ణి నేను చూళ్ళేదు.

"ఏంటండీ, బిల్లు రావట్లేదు?" అన్నారు బ్రాంచి చూసే సుబ్బారావు గారు.

వాకిట్లో రొయ్యల లారీ, ఐసు కరిగి కింద మడుగు కడుతోంది. బిల్లు లేందే డ్రైవరు కదలడు. ఆ బిల్లు తెనాలి కంప్యూటర్లోంచే రావాలి, దాన్నిప్పుడు నా రూలు రేపల్లెకి అందకుండా ఆపేసింది. తెనాలి ఆఫీసుకేమో తాళం, ఓనరు గారి మేనకోడలి పెళ్ళని అందరూ బాపట్లలో ఉన్నారు. మేనేజరు గారికి ఫోన్ చేస్తే బాజాల మధ్యలోంచి, "తాళంచెవి నా జేబులోనే భద్రంగా ఉందిలే, కంగారుపడకు" అన్నారు.

"సరుకు పాడైతే ఓనరు గారికి మీరే చెప్పుకోవాలండి" అన్నారు సుబ్బారావు గారు చల్లగా. ఉద్యోగం కూడా ఆ ఐసుతోపాటే కరిగిపోతున్నట్టనిపించింది.

ఇప్పుడు నా గీతకి లోపల ఉన్నదెవరు? ఆలోచిస్తే ఒక్కడే. టీకొట్టు బాబాయికి ఫోన్ చేశాను. ఏ పేజీ తెరవాలో చెప్పాను, తెరిచాడు.

"పాస్‌వర్డ్ అడుగుతోంది అబ్బాయ్."

గొంతు తగ్గించి చెప్పాను.

"స్టవ్వు మోతగా ఉంది, గట్టిగా చెప్పు. ఉండు, స్పీకర్లో పెడతా."

అరిచి చెప్పాను. నేనొక్కో అక్షరం చెప్పడం, ఆయన కొట్టంతా వినేట్టు పైకి చదవడం. "పెద్ద ఎస్సా, చిన్న ఎస్సా?" అని ఆయనంటే, టీ తాగేవాడెవడో "పెద్దదే అన్నాడు కదా బాబాయ్" అని సర్దాడు.

రూలు తీసేయించాను. బిల్లొచ్చింది, లారీ కదిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇక్కడింకా చాలా ఉన్నాయి అబ్బాయ్, ఇవీ తీసెయ్యనా?"

"వద్దు బాబాయ్, నీకు దణ్ణం పెడతా."

సాయంత్రం పెళ్ళిలోంచి ఓనరు గారు ఫోన్ చేశారు. "ఇవాళ గీత గీశావంట కదా. మన వాళ్ళెవరూ ఇబ్బంది పడలేదుగా?"

"లేదండి, తెనాలంతా లోపలే ఉంది. నేనొక్కణ్ణే బయట ఉన్నాను."