ఐదు కాళ్ల గొర్రెపిల్ల

మైదాపిండిని నీళ్లలో జారుగా కలిపి సన్నని సెగ మీద ఉడికిస్తుంటే, పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చే క్షణం ఒకటుంటుంది. అప్పుడే దించాలి. ముందు దించితే జిగురు అంటుకోదు, ఆలస్యమైతే ఉండలు కడుతుంది. డిసెంబరు శనివారాల్లో నోయిడాలోని మా వంటింట్లో ఈ జిగురు కాస్తాను. మధ్యాహ్నం మా హౌసింగ్ సొసైటీ పిల్లలు బొమ్మలు చేయడానికి వస్తారు. ఆ వాసన తగలగానే నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది. వెనక నుంచి సుగుణ మేడం "కలుపు, చెయ్యి ఆపకు" అంటారేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

పెళ్లయి రాజమండ్రి నుంచి ఢిల్లీలోని ద్వారకకు వచ్చిన కొత్తలో నాకు హిందీ సరిగా రాదు. మావారు గుడ్‌గావ్ ఆఫీసుకు వెళ్లిపోతే ఇంట్లో మాట్లాడే మనిషి ఉండేది కాదు. మా వీధి చివర, ఒక ఇంటి కింది అంతస్తులో చిన్నపిల్లల బడి ఉండేది. దాన్ని నడిపే ఆవిడ తెనాలి మనిషని పక్కింటి ఆంటీ చెబితే, ఉద్యోగం అడగడానికి వెళ్లాను. సుగుణ మేడం నా సర్టిఫికెట్లు చూడనే లేదు. ఖాళీ టూత్‌పేస్టు పెట్టె, కత్తెర నా ముందుకు తోసి, "దీంతో ఏదన్నా చెయ్యి" అన్నారు. రైలుపెట్టె చేద్దామని కిటికీలు కోయబోయి పెట్టె చింపేశాను.

"కత్తెర తిప్పకూడదమ్మాయ్, అట్ట తిప్పాలి," అన్నారావిడ. "సోమవారం నుంచి రా."

నా చేతులకు వచ్చిన పనంతా ఆవిడ నేర్పిందే. మిగతా పండుగలకు బజారు సామాను తెచ్చినా ఊరుకునేవారు కానీ, క్రిస్మస్ దగ్గర మాత్రం పట్టుదల. "పశువుల పాకలో పుట్టినవాడికి బజారు తళుకులెందుకు? ఇళ్లల్లో పారేసేవే తెమ్మను," అనేవారు. పిల్లలు గుడ్ల అట్టలు, పాల ప్యాకెట్లు, పాత పెళ్లిశుభలేఖలు, చిరిగిన మేజోళ్లు సంచుల్లో పట్టుకొచ్చేవారు. శుభలేఖల బంగారు రంగు నక్షత్రాలయ్యేది. మేజోడులో బియ్యం పోసి మెడ దగ్గర దారం కడితే మంచుమనిషి. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టిన న్యూస్‌పేపరును సన్నగా చింపితే బొమ్మ పాక కప్పుకు గడ్డి. రజాయిలోంచి తీసిన పాత దూది గదంతా ఎగిరి మా అందరి జుట్టులో మంచులా చిక్కుకునేది. పరాయి ఊళ్లో నేను మనసారా నవ్వింది మొదట ఆ గదిలోనే.

ఆ మొదటి యేడు తల్లిదండ్రులకు ప్రదర్శన పెట్టేముందు, పిల్లలు వెళ్లిపోయాక, మేడం తలుపు దగ్గరగా వేసి గోడ మీది నక్షత్రాలన్నీ పీకేశారు. ఎందుకో అర్థం కాక చూస్తున్నాను. వంకర నక్షత్రం స్థానంలో తాను కత్తిరించిన నక్షత్రం పెట్టి, కింద అదే పిల్లవాడి పేరు అంటించారు. తర్వాత ఇంకొకటి. చేతులు చకచకా కదులుతున్నాయి.

"మేడం, ఇవి పిల్లలు చేసినవి కాదు కదా?"

"ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. చాలదా?" అన్నారు తలెత్తకుండా. "ఎదురు వీధిలో కొత్త స్కూలు పెట్టారు. అక్కడ గోడలు చూసొచ్చినవాళ్లు ఇక్కడికొచ్చి ఈ వంకరటింకరవి చూస్తే, వచ్చే ఏడాది మనకి పిల్లలుంటారా? కూర్చో, ఆ గంటలు నువ్వు చెయ్యి."

కూర్చున్నాను. ఆవిడ నా గంటను అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది" అన్నారు. ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

మరుసటి ఏడు మెహర్ అనే నాలుగేళ్ల పాప చేరింది. మాట ఆలస్యం. తరగతిలో ఏం కావాలన్నా వేలితో చూపించేది. వాళ్లమ్మ రోజూ గేటు దగ్గర "కుఛ్ బోలీ ఆజ్?" అని అడిగేది, ఈరోజు ఏమైనా మాట్లాడిందా అని. నేను లేదన్నట్టు తల ఊపేదాన్ని. ఆవిడ ముఖం చూడలేక ఒక్కోసారి లోపలి నుంచే పిల్లను పంపించేదాన్ని.

పశువుల పాకలో పెట్టడానికి మెహర్ గొర్రెపిల్లను చేయడం మొదలుపెట్టింది. గుడ్ల అట్ట గుంత ఒకటి కత్తిరించి బోర్లించింది. రోజూ కొంచెం కొంచెం దూది అతికించేది. మందు గీకేసిన అగ్గిపుల్లలను కాళ్లుగా గుచ్చింది. చూస్తే ఐదు కాళ్లు. "ఐదెందుకు మెహర్?" అని హిందీలో అడిగాను, జవాబు వస్తుందన్న ఆశ లేకుండానే.

"తేజ్ భాగేగా," అంది. వేగంగా పరుగెత్తుతుందట.

ఆ పాప మా గదిలో పలికిన మొదటి మాట అది. నేను పరుగున వెళ్లి మేడంకి చెప్పాను. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వచ్చి మెహర్ తల నిమిరారు. ఆ రోజు ఆవిడ మీద నాకు కలిగిన ప్రేమ అబద్ధం కాదు.

ప్రదర్శన రోజు ఉదయం నేను వచ్చేసరికి పాకలో వేరే గొర్రెపిల్ల ఉంది. నాలుగు కాళ్లు, నల్లపూసల కళ్లు, తెల్లగా ఒత్తుగా దూది. కింద మెహర్ పేరు. ఏమీ అనేలోపే తల్లిదండ్రులు రావడం మొదలైంది.

మెహర్ వాళ్లమ్మ దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మెహర్ నే బనాయా? సచ్?" నిజంగా మెహరే చేసిందా అంటూ ఫోన్ తీసింది. మెహర్ ముందుకు వచ్చి ఆ బొమ్మను చూసింది.

"యే మేరా నహీ హై."

ఇది నాది కాదు అని అంత స్పష్టంగా అంది. వాళ్లమ్మ నవ్వేసింది. "నీదే బేటా, నీ పేరుంది చూడు." మేడం కూడా వంగి, "నీదే కదా!" అన్నారు. మెహర్ నా వైపు చూసింది.

నేను వెనక్కి వెళ్లి, ఆయా కమలా దీదీ కట్టిపెట్టిన చెత్తసంచి విప్పాను. ఐదు కాళ్ల గొర్రెపిల్ల దొరికింది. దూదికి టీ పొడి అంటుకుంది. తుడిచి తెచ్చి మెహర్ చేతిలో పెట్టాను. "మెహర్ చేసింది ఇది. తనే చేసింది, మొత్తం," అని వాళ్లమ్మతో నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఐదో కాలు ఎందుకో కూడా చెప్పాను. ఆవిడ ఆనందిస్తుందనుకున్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ గొర్రెపిల్లను చూసి, మిగతా పిల్లల పేర్లతో ఉన్న చక్కటి బొమ్మలను చూసి, గొంతు తగ్గించి, "మిగతావాళ్లంతా అంత బాగా చేశారా? మా పాప ఒక్కతే ఇలానా?" అని మేడంని అడిగింది. అవన్నీ మేడం చేసినవేనని నేను చెప్పబోయేలోపే మేడం ఆవిడ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లారు. కాసేపటికి తల్లి తిరిగొచ్చి, మంచి గొర్రెపిల్ల పక్కన కూతురిని నిలబెట్టి ఫొటో తీసుకుంది. వెళ్లేటప్పుడు మెహర్ చేతిలోది చూసి, "ఛీ, గందా హై, ఛోడో" అంటూ, మురికిగా ఉంది వదిలెయ్యమని లాగేసి గేటు పక్కన పడేసింది. మెహర్ ఏడవలేదు. ఒక్క మాట కూడా అనలేదు.

అందరూ వెళ్లాక మేడం నన్ను కేకలేస్తారనుకున్నాను. కుర్చీలు సర్దుతూ నెమ్మదిగా అన్నారు: "చూశావుగా వనజా. వాళ్లకు కావాల్సింది ఏమిటో నాకు తెలుసు. ఆ పిల్లకు ఇవాళ రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది నేను కొట్టాను. రెండోది నువ్వు."

"నేను నిజం చెప్పాను మేడం."

"చెప్పావు. ఆ నిజాన్ని మోయాల్సింది నువ్వు కాదు, ఆ పిల్ల."

సెలవుల తర్వాత మెహర్ రాలేదు. ఎదురు వీధి బడిలో వేశారని తెలిసింది. నేను ఆ నెలాఖరుకే మానేశాను. మేడం ఆపలేదు. కొన్నేళ్లకు బడి మూతపడింది. ఆవిడ బెంగుళూరులో కూతురి దగ్గరకు వెళ్లారనీ, అక్కడే పోయారనీ కమలా దీదీ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఏడుద్దామని కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

నా దగ్గరకు వచ్చే పిల్లల బొమ్మలను నేను ముట్టుకోను. గోడకు పెట్టను, పేర్లు అంటించను. ఆవిడ చేసింది తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆవిడ నాకు అంటగట్టిపోయిన ఆ రెండో దెబ్బ మాట మాత్రం నన్ను వదల్లేదు. శనివారం సాయంత్రం తల్లులు తలుపు దగ్గరకు వస్తారు. తాము చేసింది ఎత్తి పట్టుకుని పిల్లలు పరుగెడతారు. అప్పుడు నేను ఆ బొమ్మ వైపు చూడను, పిల్ల వైపూ చూడను. తల్లి ముఖమే చూస్తూ నిలబడతాను.